‘తేడా లేదు’ వేరు, ‘తేడా తేలలేదు’ వేరు

“సిఫారసు చేసిన నత్రజనిలో నాలుగో వంతు తగ్గించి, జీవన ఎరువును జోడించిన మడులలోని వరి దిగుబడి, పూర్తి మోతాదు వేసిన మడుల దిగుబడితో సరిసమానంగా నమోదయినది. కావున రైతులు నత్రజనిలో 25 శాతం ఆదా చేసుకొనవచ్చును.” సేద్య విజ్ఞాన శాస్త్రంలో సిద్ధాంత గ్రంథాలను చదివేవారికి ఈ తరహా వాక్యం కొత్తది కాదు. పంట మారుతుంది, పోషకం మారుతుంది, వాక్యం మాత్రం మారదు. ఆంగ్లంలో దీనికి ‘ఆన్ పార్’ అనే రెండు పొట్టి మాటలు స్థిరపడిపోయాయి. పట్టిక అడుగున ‘ఎన్.ఎస్.’ అనే రెండక్షరాలు కనిపించగానే పరిశోధక విద్యార్థి కలం తనంత తానుగా ‘ఆన్ పార్’ అని రాస్తుంది. ఆ గ్రంథం నుంచి తెలుగు వ్యాసంలోకి వచ్చేసరికి అది ‘సరిసమానం’ అవుతుంది. కరపత్రంలోకి దిగేసరికి ‘తగ్గించినా నష్టం లేదు’ అవుతుంది. ఈ మూడు మెట్లలో ఎక్కడా కొత్త ఆధారం చేరలేదు. మాట మాత్రం బలపడుతూ వచ్చింది.

శాస్త్ర రంగంలో తరచుగా వినిపించే ఒక ఆంగ్ల వాక్యం సరిగ్గా ఈ పొరపాటును ఉద్దేశించినదే: “యాబ్సెన్స్ ఆఫ్ ఎవిడెన్స్ ఈజ్ నాట్ ఎవిడెన్స్ ఆఫ్ యాబ్సెన్స్”. ఆధారం దొరకకపోవడం, లేదనడానికి ఆధారం కాదని దాని భావం. 1995లో డగ్లస్ ఆల్ట్‌మన్, మార్టిన్ బ్లాండ్ అనే గణాంక శాస్త్రవేత్తలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇదే శీర్షికతో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. రోగుల సంఖ్య తక్కువగా ఉన్న పరీక్షలలో రెండు మందుల మధ్య తేడా బయటపడకపోతే, వాటిని సమానమైనవిగా ప్రకటించే వైద్యులకు అది హెచ్చరిక. రోగుల స్థానంలో మడులను, మందుల స్థానంలో ఎరువులను ఉంచితే ఆ వ్యాసం మన కోసమే రాసినట్లుంటుంది. ఈ వాక్యాన్ని మన ఆచార్యులలో చాలామంది తరగతి గదిలో ఉదహరిస్తారు. కాని అదే రోజు సాయంత్రం విద్యార్థి తెచ్చిన పట్టిక మీద ‘ఆన్ పార్’ అన్న వ్యాఖ్యను ఆమోదిస్తారు. వాక్యం నోటికి వచ్చినంతగా వాడుకలోకి రాలేదని చెప్పక తప్పదు.

తెలుగులో ఈ భేదాన్ని చెప్పడానికి పెద్ద పదాలతో పని లేదు. ‘తేడా లేదు’ అనడం ఒకటి, ‘తేడా తేలలేదు’ అనడం మరొకటి. మొదటిది పొలం గురించిన మాట. రెండవది మన ప్రయోగం గురించిన మాట. ఎన్.ఎస్. అనే అక్షరాలు రెండవదాన్ని మాత్రమే చెబుతాయి.

మన ప్రయోగం ఎంత తేడాను పట్టగలదు?

ఒక నమూనా ప్రయోగాన్ని లెక్క కోసం ఊహించుకుందాం. వరిలో ఎనిమిది ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్లు, రాండమైజ్డ్ బ్లాక్ పద్ధతి. సగటు దిగుబడి హెక్టారుకు 5,500 కిలోలు. సి.వి. 12 శాతం. క్షేత్ర ప్రయోగాలలో ఇది తీసికట్టు అంకె కాదు. చాలా పట్టికలలో దీనికి పైబడినవే కనిపిస్తాయి. 12 శాతం సి.వి. అంటే మడికీ మడికీ మధ్య ప్రయోగ దోషం 660 కిలోలు. రెండు సగటుల తేడాకు ప్రామాణిక దోషం సుమారు 539 కిలోలు. దోషానికి మిగిలిన స్వాతంత్ర్య స్థాయిలు 14. వాటికి 5 శాతం స్థాయిలో ‘టి’ విలువ 2.145. ఈ రెంటినీ గుణిస్తే వచ్చే క్రిటికల్ డిఫరెన్స్ హెక్టారుకు 1,156 కిలోలు.

ఈ అంకెను రైతు కొలతలోకి మార్చి చూడాలి. హెక్టారుకు 1,156 కిలోలంటే ఎకరాకు 468 కిలోలు. 75 కిలోల బస్తాలలో ఆరు బస్తాలకు పైన. అంటే ఈ ప్రయోగంలో రెండు సగటులు ఎకరాకు ఆరు బస్తాల మేర ఎడంగా నిలిస్తేనే మనం వాటిని ‘వేరు’ అంటాము. అంతకు ఒక కిలో తగ్గినా ‘సరిసమానం’ అంటాము. ఎకరాకు ఇన్ని బస్తాలని కౌలును ముందే ఒప్పుకొని సాగు చేసే డెల్టా కౌలు రైతుకు ఆరు బస్తాలు సమానమన్న మాట ఎలా వినిపిస్తుందో ఊహించడం కష్టం కాదు.

మరో కోణం నుంచి చూద్దాం. నత్రజని తగ్గించడం వల్ల దిగుబడి నిజంగానే 10 శాతం పడిపోతుందని అనుకుందాం. ఎకరాకు మూడు బస్తాలన్నమాట. ఇదే ప్రయోగాన్ని వంద చోట్ల జరిపితే ఆ నష్టాన్ని సార్థకమైన తేడాగా గుర్తించేవి సుమారు 15 ప్రయోగాలు మాత్రమే. మిగిలిన 85 ప్రయోగాలూ ‘ఆన్ పార్’ అని ప్రకటిస్తాయి. అవన్నీ నియమానుసారం, నిజాయితీగా, చక్కగా జరిగిన ప్రయోగాలే. వాటిలో లోపం లేదు; మూడు రెప్లికేషన్లతో అడగదగని ప్రశ్నను వాటిని అడగడంలో లోపం ఉంది. అదే సి.వి.తో 10 శాతం తేడాను వందకు 80 సార్లు పట్టాలంటే 23 రెప్లికేషన్లు కావాలి. 5 శాతం తేడాకైతే 90. ఇన్ని మడులు ఏ పరిశోధనా స్థానంలోనూ ఒకే చెక్కలో దొరకవు. దొరకవు కనుకనే ఫలితాన్ని చెప్పే మాటలో మితం అవసరం.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు: ఆదా కూడా ఆదాయమే కదా, చిన్న తేడాకు ఇంత పట్టింపు ఎందుకు? దీన్నీ లెక్క కట్టవచ్చు. హెక్టారుకు 120 కిలోల నత్రజని సిఫారసు అనుకుంటే, నాలుగో వంతు అంటే 30 కిలోలు; ఎకరాకు యూరియా రూపంలో సుమారు 26 కిలోలు. 45 కిలోల బస్తా రూ. 266.50 చొప్పున రైతుకు మిగిలేది సుమారు రూ. 156. అందులో జీవన ఎరువు ఖరీదు ఇంకా తీసివేయలేదు. 2025–26లో సాధారణ రకం ధాన్యానికి కనీస మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,369. ఆ ధరకు రూ. 156 అంటే ఆరున్నర కిలోల ధాన్యం. ఎకరాకు ఆరున్నర కిలోల నష్టం వస్తే ఆదా అంతా హరించుకుపోతుంది. మన ప్రయోగం గుర్తించగల కనిష్ఠ తేడా 468 కిలోలు, అంటే దానికి దాదాపు 70 రెట్లు. ఒక చేటెడు గింజలను తూకం వేయడానికి లారీల కాటా మీదకు వెళ్ళినట్లున్నది మన పద్ధతి.

నత్రజని తగ్గింపును నేను వ్యతిరేకించడం లేదు. యూరియా మీద రాయితీ భారం, నైట్రేటుగా భూగర్భ జలంలోకి దిగే భాగం, నైట్రస్ ఆక్సైడుగా గాలిలో కలిసే భాగం అన్నీ లెక్కలోకి తెస్తే తగ్గించడానికి రైతు జేబుకు వెలుపల బలమైన కారణాలున్నాయి. అవి ఎంత బలమైనవో, ‘నష్టం లేదు’ అనే మాటకు అంత బలమైన ఆధారం కావాలి. ఒక గ్రామంలో మా మాట విని ఎరువు తగ్గించినవారికి రెండు బస్తాలు తగ్గితే, ఆ తరువాతి సంవత్సరం ఆకు రంగు పట్టికను చేతికిచ్చినా ఎవరూ అందుకోరు.

సమానం కాని సమానం

గణాంక లెక్కల మీద ఆసక్తి లేనివారికి కూడా ‘ఆన్ పార్’ లోని చిక్కు తెలియాలంటే ఒక చిన్న పట్టిక చాలు. క్రిటికల్ డిఫరెన్స్ 600 కిలోలు ఉన్న ప్రయోగంలో మూడు ట్రీట్‌మెంట్ల దిగుబడులు 6,000, 5,600, 5,200 కిలోలు అనుకుందాం. మొదటిదానికీ రెండవదానికీ తేడా 400, సమానం. రెండవదానికీ మూడవదానికీ తేడా 400, సమానం. మొదటిదానికీ మూడవదానికీ 800, సమానం కాదు! ఒకదానికి సమానమైనవి తమలో తాము సమానమని బడిలో నేర్చుకున్నాము. ఆ నియమం ఇక్కడ చెల్లలేదంటే, ఇక్కడ మనం ‘సమానం’ అంటున్నది సమానత్వం కాదన్నమాట. సగటుల పక్కన ‘ఏ’, ‘ఏబి’, ‘బి’ అని రాసే అలవాటు ఈ విడ్డూరాన్ని దాచదు. ‘ఏబి’ అన్న జంట అక్షరం ‘ఇది ఎటు చెందుతుందో చెప్పలేకపోయాము’ అని ఒప్పుకోవడమే.

ఈ పద్ధతులకు పునాది వేసిన రోనాల్డ్ ఫిషర్‌కు ఈ విషయంలో ఏ భ్రమా లేదు. 1919లో రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో చేరి, అక్కడి క్షేత్ర ప్రయోగాల లెక్కల నుంచే వేరియన్స్ విశ్లేషణను, రాండమైజేషన్ సూత్రాన్ని రూపొందించిన ఆయన, 1935లో వెలువరించిన ‘ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్’ గ్రంథంలో శూన్య పరికల్పనను ఏ ప్రయోగమూ రుజువు చేయలేదనీ, చేతనైతే దాన్ని తోసిపుచ్చగలదనీ స్పష్టంగా చెప్పారు. మనం ఆయన పరీక్షను స్వీకరించి, ఆయన షరతును వదిలివేశాము. నేరం రుజువు కాలేదన్న తీర్పును నిర్దోషిత్వ ధ్రువపత్రంగా చదివినట్లయింది.

అనుపలబ్ధి ఎప్పుడు ప్రమాణమవుతుంది?

ఆంగ్ల వాక్యాన్ని సగమే అర్థం చేసుకుంటే మరో వైపు ప్రమాదం ఉన్నది. ఆధారం దొరకకపోవడం ఎన్నడూ, ఎక్కడా దేనికీ ఆధారం కాదని భావిస్తే, మనం ఏదీ ‘లేదు’ అని చెప్పలేని స్థితికి వస్తాము. ఆచరణలో అలా జరగదు. గోతాంలో ధాన్యం లేదని తలుపు తీసి చూసి చెబుతాము. అది సరైన జ్ఞానమే. కాబట్టి అసలు ప్రశ్న ఇది: కనబడకపోవడం ఏ పరిస్థితులలో లేదనడానికి ఆధారమవుతుంది?

దీన్ని మన తార్కికులు ఎంతో సూక్ష్మంగా పరిశీలించారు. భాట్ట మీమాంసకులు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ఆరవ ప్రమాణంగా అంగీకరించారు. నైయాయికులు దాన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోకపోయినా, అభావ జ్ఞానానికి అది తోడ్పడుతుందన్నారు. తర్కసంగ్రహకర్త, తెలుగువాడు అయిన అన్నంభట్టు లెక్కించిన ఏడు పదార్థాలలో చివరిది అభావం. ఏ అనుపలబ్ధి పడితే అది చాలదన్న విషయంలో ఉభయులకూ భేదం లేదు. అది ‘యోగ్యానుపలబ్ధి’ కావాలి. నేల మీద కుండ ఉండి ఉంటే ఈ వెలుతురులో, ఈ కంటికి తప్పక కనిపించేది; కనిపించలేదు; కనుక లేదు. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండ లేదనడం చెల్లదు. స్వభావం చేతనే కంటికి గోచరించనిదాన్ని గురించి కనబడలేదు కనుక లేదనడం అసలే చెల్లదు.

ఆంగ్ల వాక్యానికి ఆ ఒక్క ‘యోగ్య’ పదాన్ని చేర్చితే దాని సరైన వాడుక చేతికి వస్తుంది. “ఉండి ఉంటే మా ప్రయోగానికి కనిపించేదా?” కనిపించేదే అయితే, కనబడకపోవడం గట్టి ఆధారం. కనిపించేది కాకపోతే మౌనం వహించాలి. మూడు రెప్లికేషన్ల ప్రయోగం ముందు ఎకరాకు మూడు బస్తాల తేడా చీకటి గదిలోని కుండ. ఎకరాకు పదిహేను బస్తాల తేడా అయితే అదే ప్రయోగం ముందు పట్టపగటి కుండే. అందువల్ల అదే పట్టికను చూసి ‘పదిహేను బస్తాల నష్టమైతే లేదు’ అనడం న్యాయం, ‘నష్టమే లేదు’ అనడం అన్యాయం.

సస్యరక్షణలో ఈ యోగ్యతను అంకెలలోనే చెప్పవచ్చు. 2018లో కర్ణాటకలో మొదట గుర్తించిన కత్తెర పురుగు అదే సంవత్సరం తెలుగు రాష్ట్రాల మొక్కజొన్న చేలలోకి వచ్చింది. అప్పటి నుంచి చేనంతా తిరిగి మొక్కలను పరిశీలించడం విస్తరణ సిబ్బందికి నిత్యకృత్యమైంది. చేనులో అక్కడక్కడా 20 మొక్కల సుడులు విప్పి చూశారు, ఒక్క దానిలోనూ పురుగు లేదు. చేనులో పురుగు లేదని రాసుకోవచ్చునా? చేనులో 14 శాతం మొక్కలకు పురుగు ఉన్నప్పటికీ, 20 మొక్కలలో ఒక్కటీ తగలకపోవడానికి వందకు ఐదు అవకాశాలున్నాయి. 60 మొక్కలు చూసి ఒక్కటీ దొరకకపోతే పై హద్దు 5 శాతానికి దిగుతుంది. 300 చూస్తే 1 శాతానికి. మూడును చూసిన మొక్కల సంఖ్యతో భాగిస్తే ఈ హద్దు ఉజ్జాయింపుగా వస్తుంది. నోటి లెక్కకు ఇంతకన్నా సులువైన సూత్రం లేదు. ఇదంతా చూసిన మొక్కలో పురుగు తప్పక కనబడుతుందని అనుకుంటేనే. అప్పుడే గుడ్ల నుంచి వెలువడిన పిల్ల పురుగులు కంటికి ఆనవు. లింగాకర్షక బుట్టల సంగతీ అంతే: ఎర మార్చవలసిన గడువు దాటిన బుట్టలో మగ రెక్కల పురుగులు పడలేదంటే ఆ సున్నా పొలం గురించి ఏమీ చెప్పదు, ఎర గురించి చెబుతుంది.

నేల విషయంలో చీకటి ఇంకా చిక్కనిది. పశువుల ఎరువు వేసి రెండు పంటల తరువాత మట్టిని పరీక్షించి, ‘సేంద్రియ కర్బనం మీద ప్రభావం లేదు’ అని రాస్తుంటారు. హెక్టారులో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 2,240 టన్నులు. 10 టన్నుల పశువుల ఎరువులో సగం తేమ పోగా 5 టన్నులు. అందులో 30 శాతం కర్బనం అనుకుంటే ఒకటిన్నర టన్ను. సంవత్సరం తిరిగేసరికి సూక్ష్మజీవులు తినగా ఐదో వంతు నిలిచిందనుకుంటే 300 కిలోలు. 2,240 టన్నుల మట్టిలో అది 0.013 శాతం. నివేదికలో 0.50 ఉన్న అంకె 0.51 కావాలి, ఒకే మడిలో రెండు చోట్ల తీసిన మట్టి నమూనాలకే అంతకు మించిన తేడా ఉంటుంది. ఇక్కడ ఎన్.ఎస్. రాకపోతేనే ఆశ్చర్యపడాలి.

ఇటువంటి నెమ్మది మార్పులకు రెప్లికేషన్లకన్నా కాలమే దీపం. ఇంగ్లండులో 1843లో మొదలైన బ్రాడ్‌బాక్ గోధుమ క్షేత్రాన్ని, కోయంబత్తూరులో 1909లో మొదలైన శాశ్వత ఎరువుల ప్రయోగాన్ని, భారత వ్యవసాయ పరిశోధనా మండలి 1970–71లో ప్రారంభించి నేడు జగిత్యాలతో సహా అనేక కేంద్రాలలో నడుపుతున్న దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలను అందుకే కాపాడుకోవాలి. పొటాష్‌కు ఒక సీజనులో స్పందన కనిపించలేదని పొటాష్ అనవసరమని తేల్చేవారు, వరి తీసుకున్న పొటాష్‌లో అధిక భాగం గడ్డిలో ఉంటుందని, ఆ గడ్డి ఏటా పొలం దాటిపోతున్నదని గుర్తు పెట్టుకోవాలి. నేల తన నిల్వ నుంచి ఇస్తున్నంత కాలం పైరు మాట్లాడదు.

వాక్యాన్ని తలకిందులుగా వాడేవారు

మన వైపు పొరపాటు ఇలా ఉండగా, విపణిలో ఇదే ఆంగ్ల వాక్యాన్ని కవచంగా ధరించేవారు బయలుదేరారు. పూత నిలుపుతుందనీ, గింజ బరువు పెంచుతుందనీ ఏదో ద్రవాన్ని సీసాలో పోసి అమ్ముతారు. ప్రయోగ ఫలితాలు చూపమంటే, “పనిచేయదని మీరు రుజువు చేయలేదు కదా, ఆధారం లేకపోవడం లేదనడానికి ఆధారం కాదని మీ ప్రొఫెసర్లే చెబుతారు” అంటారు. మాట నిజమే, వాడిన చోటు తప్పు. ఆ వాక్యం ఎవరికీ ఏ హక్కునూ ఇవ్వదు. తొందరపాటు తీర్పును ఆపుతుందంతే. పనిచేస్తుందని చెప్పేవాడే చూపించాలి. 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి జీవ ఉత్ప్రేరకాలను తెచ్చినప్పుడు, తయారీదారుల నుంచి సామర్థ్య సమాచారాన్ని కోరడంలోని న్యాయం ఇదే.

పైగా వెదకవలసిన రీతిలో వెదికిన తరువాత మౌనం కూడా సాక్ష్యమే. అటువంటి ఒక పదార్థాన్ని 24 కేంద్రాలలో, ఒక్కొక్క చోట మూడు రెప్లికేషన్లతో, అదే 12 శాతం సి.వి.తో పరీక్షించారనుకుందాం. అన్నీ కలిపితే 72 రెప్లికేషన్లు. చోటు చోటుకూ స్పందన మారే గుణాన్ని కాసేపు పక్కన పెడితే, సగటు తేడాకు ప్రామాణిక దోషం 2 శాతానికి, 95 శాతం విశ్వాస అవధి అటూ ఇటూ 4 శాతానికి కుదించుకుపోతుంది. అంతటి ప్రయోగంలో తేడా సున్నా దగ్గర తేలితే, 10 శాతం పెరుగుతుందన్న ప్రకటన అబద్ధమని నిర్భయంగా చెప్పవచ్చు. ఇది యోగ్యానుపలబ్ధి.

అయితే కనబడకపోవడం మీద కట్టిన నిర్ణయంకన్నా, కనబడినదాని మీద కట్టిన నిర్ణయం ఎప్పుడూ పటిష్ఠం. పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనె వరిలో ఖైరా తెగులు మీద చేసిన కృషి ఇందుకు నిదర్శనం. ఆయన తెగుళ్ళ శాస్త్రజ్ఞుడు. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలతో గిడసబారుతున్న పైరుకు అసలు కారణం జింకు లోపమని 1966లో వెల్లడించారు. సూక్ష్మజీవి దొరకలేదన్నంత మాత్రాన ఆ నిర్ణయం నిలిచేది కాదు. ఈ రోజు దొరకనిది రేపు మరో సూక్ష్మదర్శిని కింద దొరకవచ్చునని ఎవరైనా అనగలరు. జింకు అందించిన పైరు కోలుకోవడం ఆ సందేహాన్ని తీర్చింది. నేడు మనం జింకు సల్ఫేటు పిచికారీ చేయమని చెప్పడం వెనుక అటువంటి నిర్ణయం ఉన్నది.

ప్రయోగ ప్రణాళికలోనే చేయవలసినవి

మొట్టమొదట, ఎంత తేడాను ‘పట్టించుకోనవసరం లేనిది’ అంటామో విత్తనం వేయకముందే నిర్ణయించాలి. అది గణాంక శాస్త్రం చెప్పే అంకె కాదు. ఎరువు ధర, ధాన్యం ధర, రైతు సహనం కలిసి చెప్పే అంకె. ఎకరాకు ఒక బస్తా అనుకుందాం. తేడా యొక్క విశ్వాస అవధి పూర్తిగా ఆ హద్దులోపల ఇమిడితేనే సమానమనాలి. దీనికి సమానతా పరీక్షలు, న్యూనం కాదని నిరూపించే పరీక్షలు ఔషధ రంగంలో 1980ల నుంచి వాడుకలో ఉన్నాయి. మన పట్టికలలో అవి కనిపించకపోవడానికి లెక్క కష్టం కారణం కాదు; క్రిటికల్ డిఫరెన్స్ కట్టగలిగినవారు ఇదీ కట్టగలరు. విశ్వాస అవధి వెడల్పు చూశాక సిఫారసు చేయడానికి ధైర్యం చాలదు, బహుశా అదే కారణం.

రెండవది, ప్రయోగంలో దీపం ఉన్నదో లేదో తెలిపే ట్రీట్‌మెంట్లను విడిచిపెట్టరాదు. జీవన ఎరువు లేకుండా 75 శాతం నత్రజని మాత్రమే వేసిన మడి లేనిదే, నిలబడిన దిగుబడి ఘనత జీవన ఎరువుదో, నేలదో తెలియదు. అసలు నత్రజని వేయని మడి దిగుబడి కూడా పూర్తి మోతాదుతో ‘ఆన్ పార్’ అయితే, ఆ నేల మీద ఆ ఏడాది నత్రజని ప్రశ్నకు జవాబు రాదు. ఈ రెండు ట్రీట్‌మెంట్లకు ఆరు మడులు అదనం. చాలా ప్రణాళికలలో మొదట కోత పడేది వీటికే కావడం విచారకరం.

మూడవది ప్రయోగ దోషాన్ని తగ్గించడం. దీని మీద కొత్తగా చెప్పవలసినది లేదు. పాన్సే, సుఖాత్మే 1954లోనే విపులంగా రాశారు. ఒకే చోట రెప్లికేషన్లు పెంచే వీలు లేనప్పుడు రెండు మూడు ట్రీట్‌మెంట్లనే ఎన్నుకొని, రైతుల పొలాలలో ముప్పై చోట్ల జంట మడులుగా వేయడం ఎంతో మేలు. ఎనిమిది ట్రీట్‌మెంట్లు ఉంటేనే గ్రంథానికి నిండుదనమన్న అభిప్రాయం నుంచి మార్గదర్శకులు బయటపడాలి.

ఇక ఫలితాన్ని రాసే తీరు. మొదటి ఉదాహరణలోనే పూర్తి మోతాదు సగటు 5,600, తగ్గించిన మోతాదు సగటు 5,350 కిలోలని అనుకుందాం. తేడా 250 కిలోలు. ‘సరిసమానం’ అని ఒక్క మాటలో తేల్చడానికి బదులు ఇలా రాయవచ్చు: “తగ్గించిన మోతాదులో దిగుబడి హెక్టారుకు 250 కిలోలు తక్కువగా నమోదయినది. ఈ ప్రయోగం ఆధారంగా వాస్తవమైన తేడా హెక్టారుకు 1,406 కిలోల నష్టం నుండి 906 కిలోల లాభం వరకు ఎక్కడైనా ఉండవచ్చును. తగ్గింపును సిఫారసు చేయుటకు ఈ సమాచారము చాలదు.” ఎకరాలలో అది ఏడున్నర బస్తాల నష్టం మొదలుకొని దాదాపు ఐదు బస్తాల లాభం దాకా. పరీక్షకుడిగా నా ముందుకు వచ్చే గ్రంథాలలో ఇటువంటి మూడు వాక్యాలు కనిపిస్తే ఆ విద్యార్థిని మౌఖిక పరీక్షలో క్రిటికల్ డిఫరెన్స్ నిర్వచనం అడగను. ఆ ఫలితాన్ని తేల్చడానికి తరువాతి ఖరీఫ్‌లో ఎన్ని చోట్ల, ఎన్ని జంట మడులు కావాలో అడుగుతాను.